నాలుగో మట్ట దాకా వచ్చిన వంశం

...కాదు, గాలి అని నిన్ననే చెప్పేశాడు. మొన్న పుప్పొడి ఇంకా ఆరలేదన్నాడు. అటుమొన్న, చెట్టు నీడ పడమటికి సాగుతున్నప్పుడు పూగెలను ముట్టుకుంటే కాయ పుచ్చిపోతుందని తాత అనేవాడన్నాడు. తాత అలా ఎప్పుడూ అనలేదు. తాత మాట్లాడడమే తక్కువ. మరి చెట్టెక్కకుండా ఉండడానికి ఇవాళ్టికి ఏం సాకు మిగిలింది? మోకాలు నొప్పి అనొచ్చు. కాని మోకాలు నొప్పి అంటే జనం మోకాలి గురించి అడుగుతారు. ఈ ఏడాది తన మోకాళ్ల గురించి ఎవరూ ఆలోచించకూడదు. మిజ్హర్‌కి అంతకు మించిన కోరిక లేదు.

కాలువ గట్టు మీద కూర్చుని మగ ఖర్జూరపు చెట్టు పూరెమ్మలను ఒక్కొక్కటే విడదీస్తున్నాడు. పొడి రాలి వేళ్లు తెల్లగా, పిండి పిసికినట్టు ఉన్నాయి. బస్రా పక్కన పారే షత్ నదిలో పోటు మొదలై, నీళ్లు కాలువలోకి ఎగబాకుతున్నాయి. రోజుకు రెండుసార్లు ఎక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. మోకు అక్కర్లేదు, మెచ్చుకునేవాళ్లు అక్కర్లేదు. నీటిని చూసి కూడా అసూయపడే స్థితికి వచ్చానా అనుకున్నాడు. వచ్చాడు.

అసలు జరిగింది చాలా చిన్న సంగతి. కిందటి కోతల్లో, ఒక పొడుగాటి చెట్టు కొసన, మొవ్వ దగ్గర, కాలి కింద మట్ట మొదలు పుటుక్కున విరిగింది. నడుం చుట్టూ ఉన్న మోకు ఆపింది. నాలుగైదు ఊపిరుల సేపు వేలాడాడు. ఆ సేపట్లో కిందికి చూశాడు. నలభై ఏళ్లలో మొదటిసారి చూశాడు. కింద తన చెప్పులు కనిపించాయి. పక్కపక్కన, బుద్ధిగా, మనిషి పోయిన ఇంటి గుమ్మం ముందు వదిలిన చెప్పుల్లాగా. తర్వాత దిగాడు, ఆ చెప్పులే వేసుకున్నాడు, టీ తాగాడు. ఎవరూ చూడలేదు. చూసి ఉంటే బాగుండేది; వాళ్లు నవ్వేవాళ్లు, తనూ నవ్వేవాడు, అంతటితో పోయేది. ఎవరూ చూడని భయానికి చావు ఉండదు.

కొట్టేసిన మట్టల మొదళ్లే మెట్లు. ఇప్పుడు మూడు మట్టలు ఎక్కగలడు. నాలుగో మట్ట మీద కాలు పెట్టగానే చేతులు చెట్టును కావలించుకుంటాయి. చేతుల తప్పేం లేదు, అవి బతకాలనుకుంటున్నాయి. కాని ఆ పరువు తక్కువ పని అతన్ని అడక్కుండా చేస్తున్నాయి. నాలుగో మట్ట అంటే ఎంతని? కింద నిలబడిన ఆడమనిషి చేయెత్తితే అతని కాలి బొటనవేలు అందుతుంది.

అతని సొంత తోటలోవి చిన్న చెట్లు, నేల మీద నిలబడే ఆడ పూగెలలో మగపువ్వు కట్టొచ్చు. పెద్ద చెట్లంటూ అతని చేతిలో ఉన్నవి నష్మియావి నాలుగే. నాలుగూ బర్హీ రకం ఖర్జూరాలు, ఆమె మామగారు నాటినవి. ఆమె మొగుడు మిజ్హర్‌కి స్నేహితుడు, పోయి ఆరేళ్లయింది. ఆ నాలుగు చెట్ల కాపే ఆమెకు ఏడాది పొడుగునా పొయ్యి. పూపొత్తులు పగిలి ఇవాళ్టికి నాలుగో రోజు. రేపటిలోగా మగపొడి అందకపోతే గెలలో గింజ కట్టదు. గింజ లేని కాయ చప్పగా, ముడుచుకుని వస్తుంది. దాన్ని గేదె కూడా ఆలోచించి తింటుంది.

ఇంకెవరినైనా ఎక్కించుకోవచ్చు కదా అనేవాళ్లు ఈ కాలువ ఒడ్డువాళ్లు కారు. ఇక్కడ ఒకడు ఎక్కే చెట్టును ఇంకొకడు ముట్టుకోడు. ఆ ఎక్కేవాడు తన నోటితో అడిగితేనో, తన చేత్తో పని అప్పగిస్తేనో తప్ప. అడగకుండా ఎక్కితే, బతికున్నవాడి చావుదినం ఫాతిహాకు వంట మొదలెట్టినంత తప్పు. కాబట్టి నష్మియా నాలుగు రోజులుగా తన చెట్లనే చూస్తూ కూర్చుంది. ఊళ్లో మగవాళ్లందరూ ఆమెను చూసి జాలిపడుతున్నారు. మర్యాద తప్పకుండా, దూరం నుంచి.

"అవెంతసేపు దువ్వుతావు? పెళ్లికూతురి జడా?" భార్య తిస్వాహిన్ రొట్టె, గైమర్ మీగడ పళ్లెం తెచ్చి పక్కన పెట్టింది.

"పొడి సమంగా ఉండాలి."

"మన చిన్న చెట్లకి నిన్న నేను కట్టాను. సమంగానే ఉంది." ఆమె పక్కన చతికిలబడి మగ పూరెమ్మ ఒకటి చేతిలోకి తీసుకుంది. "నాకొకటి అర్థం కాదు. తోటలో వంద ఆడచెట్లకి ఒకటో రెండో మగచెట్లు చాలు కదా?"

"చాలు."

"మరి మనుషుల్లో దేవుడు ఇంతమందిని ఎందుకు పుట్టించాడంటావు?"

"కబుర్లు చెప్పడానికి," అన్నాడు మిజ్హర్. అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆమె నవ్వలేదు. అతని కుడి అరచేతిని తిప్పి చూసింది. అక్కడ ఉండాల్సిన కాయలు మెత్తబడి, చర్మం గులాబి రంగుకు వచ్చింది. చెయ్యి వదిలేసి, "రొట్టె చల్లారుతుంది" అని లేచి వెళ్లిపోయింది.

తెలిసిపోయిందా? తెలిస్తే ఎందుకు అడగలేదు? అడగకపోవడం జాలి అయితే భరించలేడు, మర్యాద అయితే ఇంకా భరించలేడు. రొట్టె సగం తిని, ఈ ప్రశ్న నుంచి తాను కొన్ని నెలలుగా ఎక్కడ దాక్కుంటున్నాడో అటే నడిచాడు. టీ కొట్టుకి.

టీ కొట్టులో అతను గొప్పవాడు. అదెలా మొదలైందో అతనికే సరిగ్గా గుర్తులేదు. చలికాలంలో ఒకరోజు, పెద్ద చెట్ల మట్టలు కొట్టడానికి ఎప్పుడు ఎక్కుతావని ఎవరో అడిగారు. జవాబుగా అతను తన ముత్తాత కథ ఒకటి చెప్పాడు. కథ అయ్యేసరికి ప్రశ్న పోయింది. ఆ సౌకర్యం అతనికి బాగా నచ్చింది. మర్నాడు ముత్తాతకు తండ్రి పుట్టాడు. వారంలో ఆ తండ్రికి తాత పుట్టాడు. చలికాలం గడిచేసరికి, లోకంలో మొట్టమొదట ఒక మనిషి మగపువ్వు తెచ్చి ఆడగెలలో కట్టింది ఈ కాలువ ఒడ్డునేనని, ఆ మనిషి తమ వంశంవాడేనని తేలిపోయింది. ఆదిలో ఖర్జూరం అడవిచెట్టు. కాయంతా గింజే. దానికి తియ్యదనం నేర్పింది తమవాళ్లు.

ఇదంతా రాసుకోవడానికి ఒక మనిషి కూడా దొరికాడు. బడిపంతులు ఉస్తాద్ బహ్జత్, 'ఖర్జూర సాగు పుట్టుక' అని బస్రా పత్రికకు వ్యాసం రాస్తున్నాడు. మెడ పొడుగు, కోటు జేబులో మూడు కలాలు. చెట్టు ఎక్కడం అటుంచి, బల్ల ఎక్కి దీపం మార్చడానికి కూడా భార్యను పిలుస్తాడు.

"పురాతన ఊర్ నగరం శిథిలాల్లో దొరికిన మట్టిపలకల మీద కూడా తోటమాలుల పేర్లున్నాయి, అబూ చాసిబ్," అన్నాడు ఉస్తాద్ ఒకరోజు, ఊరి అలవాటు ప్రకారం మిజ్హర్‌ని 'చాసిబ్ తండ్రి' అని పిలుస్తూ.

"మావాళ్ల పేర్లు ఉన్నాయా?"

"అరిగిపోయాయి. చదవడం కష్టం."

"అయితే మావాళ్లే. మా ఇంట్లో ఎవరి రాతా చదవడానికి రాదు."

ఉస్తాద్ అదీ రాసుకున్నాడు.

సాగు పుట్టాక లోకమంతా పాకాలి కదా. దానికి మిజ్హర్ చిన్నాన్నలను వాడుకున్నాడు. ఒక చిన్నాన్న పడవ నిండా పిలకలు వేసుకుని బహ్రెయిన్‌లో దిగాడు. ఇంకొకడు మస్కట్‌లో. ఒకడు ఒంటెల మీద అల్ హసాకి. ప్రతి రేవులో ఒక చిన్నాన్న దిగాడు, దిగినచోటల్లా తోట లేచింది. ఇంతమంది చిన్నాన్నలు బయటికి పోతే ఈ ఊళ్లో నీ తండ్రి ఒక్కడే ఎందుకు మిగిలాడని అడిగే మనిషి ఒకడున్నాడు. లఫ్తా.

లఫ్తా తాత చిత్తడి నేలల నుంచి, రెల్లు గుడిసె విప్పి పడవలో వేసుకుని, రెండు గేదెలతో వచ్చాడు. లఫ్తాకి నలభై నిండలేదు. ఊళ్లో అందరికంటే వేగంగా ఎక్కుతాడు, ఎక్కుతూ చుట్ట తాగుతాడు. మిజ్హర్‌కి రెండోదే ఎక్కువ మంట.

"ఖర్జూరాన్ని పిలకతో నాటాలి ఉస్తాద్," అనేవాడు మిజ్హర్, లఫ్తా వినేలా. "పిలక తల్లి పక్కన పుడుతుంది, తల్లి గుణమే వస్తుంది. గింజ పడి మొలిచిందనుకోండి, అది ఆడదో మగదో, తీపో వగరో, తండ్రెవరో దేవుడికే తెలియాలి. మనుషుల్లోనూ అలాంటివాళ్లు ఉంటారు. ఎక్కడినుంచో కొట్టుకొస్తారు."

"నిజమే మామా," అనేవాడు లఫ్తా టీ చప్పరిస్తూ. "నేను గేదె పేడలో పడి మొలిచాను. అందుకే నాకు కథలు రావు, ఎక్కడం ఒక్కటే వచ్చు."

కొట్టులో జనం నవ్వేవాళ్లు. ఆ నవ్వులో తన వాటా ఎంతో, లఫ్తా వాటా ఎంతో మిజ్హర్ ఇంటికి వెళ్లాక కూడా లెక్కవేసుకునేవాడు.

ఇవాళ కొట్టులో అడుగుపెట్టకముందే నష్మియా ఎదురొచ్చింది. నల్ల అబాయా కొంగు నడుముకు బిగించి, దారికి అడ్డంగా నిలబడింది.

"అబూ చాసిబ్, నీ చిన్నాన్నలు ఎంతమంది?"

"ఏం, ఎందుకు?"

"ఒకణ్ణి వెనక్కి పిలిపించు. నా చెట్లు ఎక్కడానికి."

కొట్టులోంచి తలలు బయటికి వచ్చాయి. ఉస్తాద్ బహ్జత్ కలం మూత తీశాడు.

"నేనిప్పుడు అటే వస్తున్నాను చెల్లీ," అన్నాడు మిజ్హర్. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికి తెలియదు. పదిమంది వింటుంటే అతని నోరెప్పుడూ అతనికంటే ధైర్యంగా ఉండేది.

"నేనూ వస్తాను!" ఉస్తాద్ లేచాడు. "లోకంలోకెల్లా పాతదైన పనిని కళ్లారా చూడాలి!" ఉస్తాద్ లేస్తే కొట్టు లేచింది. లఫ్తా చివర, చుట్ట వెలిగించుకుంటూ వచ్చాడు.

మొదటి బర్హీ కింద మిజ్హర్ చెప్పులు విడిచాడు. వాటివైపు చూడకుండా ఒకదాన్ని అటు, ఒకదాన్ని ఇటు కాలితో తోశాడు. దారిలో ఇంటి దగ్గర ఆగి మోకుతో పాటు తెచ్చిన మగపూరెమ్మల సంచి మెడలో వేసుకున్నాడు. మోకు చెట్టు చుట్టూ తిప్పి నడుముకు తగిలించాడు. ఒకటి. బానే ఉంది. రెండు. ఎవడన్నాడు భయమని? మూడు. చూశారా, ఇదంతా ఊహ, ఇంట్లో కూర్చుని పెంచుకున్న రోగం. నాలుగు.

చేతులు చెట్టును కావలించుకున్నాయి.

వెనక్కి వాలి, మోకును ఒక్క విదిలింపుతో పైకి జరపాలి. అంతే. వీపుకి ఆ సంగతి తెలుసు. నలభై ఏళ్లుగా తెలుసు. కాని వాలాలంటే చేతులు వదలాలి, చేతులు అతని మాట వినే పనిలో లేవు. చెంప మట్ట మొదలుకు ఆనుకుని ఉంది. దాని పీచు చెవిలో గుచ్చుకుంటోంది. చీమ ఒకటి అతని ముక్కు ముందునుంచి, ఎవరినీ పట్టించుకోకుండా, పైకి పోతోంది.

కింద నిశ్శబ్దం ఒక ఊపిరి ఎక్కువైంది. దాన్ని నింపాలి.

"ఉస్తాద్!" అన్నాడు మిజ్హర్, చెట్టు బెరడులోకి. "మస్కట్ దాకా చెప్పాను కదూ?"

"చెప్పారు. రెండో చిన్నాన్న."

"అక్కడినుంచి... అక్కడినుంచి ఈజిప్టు. వాళ్లకి మగపువ్వు కట్టడం తెలియదు పాపం. గింజలు నాటుకుని, మగచెట్లకి కూడా నీళ్లు పోస్తూ, కాయ ఎందుకు రాదా అని ఏడుస్తుండేవాళ్లు..."

"చెట్టు మీద నుంచే చెప్పడం ఆచారమా?" ఉస్తాద్ ఎవరినో మెల్లిగా అడిగాడు. "ఎంత బావుంది! ఎక్కుతూ వంశాన్ని తలుచుకోవడం!" రాసుకున్నాడు.

మిజ్హర్ చెప్పాడు. కథ అంత బాగా ఎప్పుడూ రాలేదు. ఈజిప్టు దాటించాడు. ఎడారిలో రెండు ఒంటెలు చనిపోయాయి, పిలకలు బతికాయి. చిన్నాన్న తాను తాగే నీళ్లు పిలకలకు పోసి దప్పికతో చనిపోయాడు. అక్కడ జనంలో ఒకరిద్దరు అయ్యో అన్నారు. ఇంకో చిన్నాన్న పుట్టి పిలకలను అందుకున్నాడు. కథ సాగినంతసేపూ ఎవరూ ఎక్కమని అడగరు. లోకం పెద్దది, దేవుడి దయ వల్ల దేశాలు చాలా ఉన్నాయి.

చెబుతూ చెబుతూ తన గొంతు తనకే వేరేవాళ్లదిలా వినిపించింది. ఎవరిది? నాన్నది. నాన్న కూడా ఇలాగే చెప్పేవాడు, టీ కొట్టులో ఇదే బల్ల మీద. ఎప్పటినుంచి? మిజ్హర్ చెట్టును పట్టుకునే వెనక్కి వెళ్లాడు. నాన్న యువకుడిగా ఉన్నప్పుడు కథలు చెప్పినట్టు గుర్తులేదు. ఒక ఏడాది హఠాత్తుగా మొదలుపెట్టాడు. ఆ ఏడాదే మోకు తీసి మిజ్హర్ నడుముకు కట్టి, "ఇంక నీ వంతు, నాకు వేరే పనులున్నాయి" అన్నాడు. వేరే పనులేమీ లేవు. మర్నాటి నుంచి నాన్నకు ముత్తాతలు పుట్టడం మొదలైంది. మరి తాత? తాత మాట్లాడేవాడు కాదు. తాత పడి చచ్చేదాకా ఎక్కాడు.

అంటే ఈ వేల ఏళ్ల వంశచరిత్ర మొత్తం, ఊర్ మట్టిపలకలతో సహా, ఎక్కలేని మగవాళ్లు నేలమీద కూర్చుని అల్లిందే. అతనికి నవ్వొచ్చింది. నవ్వితే ఒళ్లు కదులుతుందని ఆపుకున్నాడు.

"...అక్కడినుంచి సముద్రం దాటి స్పెయిన్‌లో అందలూస్," అన్నాడు.

"ఎక్కడిదాకా వచ్చింది కథ?" నష్మియా గొంతు. నీళ్ల కుండ దించి ఇప్పుడే వచ్చినట్టుంది.

"అందలూస్ దాకా," ఉస్తాద్ గొంతులో భక్తి.

"ఖర్జూరం అందలూస్ దాకా పోయింది. నువ్వు మాత్రం ఇంకా నాలుగో మట్ట దగ్గరే ఉన్నావు అబూ చాసిబ్."

ఎవరూ నవ్వలేదు. అప్పుడు అర్థమైంది మిజ్హర్‌కి, కథ మొదలైనప్పటినుంచీ ఎవరూ వినడం లేదని. ఉస్తాద్ ఒక్కడే వింటున్నాడు. మిగతావాళ్లంతా అతని చేతులను చూస్తున్నారు. చెట్టును పట్టుకున్న వేళ్ల కణుపులు తెల్లబడి ఉంటాయి. ఎక్కేవాళ్లందరికీ అది తెలుసు. ఎక్కనివాళ్లకీ తెలుసు.

"ఊళ్లో ఇంతమంది మగవాళ్లున్నారు," నష్మియా చుట్టూ చూసింది. "ఒక్కడూ నా చెట్టు ముట్టుకోడు. మర్యాదస్థులు. గెల చచ్చినా మర్యాద బతకాలి. గింజ లేని కాయలు మీ ఇళ్లకే పంపిస్తాను, మర్యాదతో నంచుకుని తినండి."

"అది కాదు నష్మియా," ఎవరో గొణిగారు. "ఆయన చెట్లు కదా..."

"ఆయన చెట్లా? నా మామ నాటాడు, నేను నీళ్లు పెట్టాను. ఆయనవి ఎలా అయ్యాయి? ఎక్కితే ఆయనవి అనుకుందాం. ఎక్కాడా?"

చుట్ట వాసన దగ్గరికి వచ్చింది. లఫ్తా. చెట్టు మొదట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడంటాడు, అనుకున్నాడు మిజ్హర్. ఏ మాట అంటాడో తెలుసు. గింజా, పిలకా, గేదె పేడా, అన్నీ లఫ్తా దగ్గరున్నాయి. చలికాలమంతా మిజ్హర్ తన చేత్తోనే అందించాడు. వినడానికి సిద్ధపడ్డాడు. నిజం చెప్పాలంటే ఆ మాట కోసం ఎదురుచూశాడు. అది వచ్చిపడితే కోపం వస్తుంది, కోపం వస్తే ఎక్కొచ్చేమో.

లఫ్తా ఆ మాట అనలేదు.

"మామా," అన్నాడు, అతని బొటనవేలికి వినిపించేంత మెల్లిగా. "మొవ్వ దగ్గర మట్ట విరిగిందా?"

మిజ్హర్ కాలివేళ్లు మట్టను ఇంకా గట్టిగా పట్టుకున్నాయి.

"నాకు కిందటేడు విరిగింది. రెండు నెలలు ఎక్కలేదు. ఈ చుట్ట ఎందుకు తాగుతాననుకున్నావు? చేతులు వణుకుతుంటే ఏదో ఒకటి పట్టుకోవాలి కదా." చుట్ట నేలకేసి నలిపాడు. "అందలూస్ తర్వాత ఇంకేమైనా దేశం ఉందా, లేక అయిపోయిందా?"

ఉస్తాద్ కలం పట్టుకుని తలెత్తి చూస్తున్నాడు. నష్మియా నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. ఎండ మొవ్వ దాటి, తెల్లగా విచ్చుకున్న పూగెల మీద పడింది. అది ఎంతో ఎత్తున ఉంది. అతని మీద దానికి ఏ అభిప్రాయమూ లేదు.

దేశాలున్నాయి. ఇంకా చాలా ఉన్నాయి. మిజ్హర్ నోరు తెరిచి, ఒకసారి ఊపిరి తీసుకుని, మూశాడు. తర్వాత కుడిచేతిని అడిగాడు. అది వెంటనే వినలేదు. చిటికెనవేలు ముందు వదిలింది, తర్వాత ఉంగరపు వేలు. మిగతావి చాలాసేపు ఆలోచించాయి. చెయ్యి చెట్టును విడిచి మెడ దగ్గరికి వచ్చింది. పూరెమ్మల సంచిని తలమీదుగా తీసి, కళ్లు మూసుకుని, కిందికి లఫ్తా చేతికి అందించాడు.